చలువరాయి మీద రెండు అరచేతులు

తను పనిచేసే చోటికి రావద్దని మా అమ్మాయి పనిలో చేరిన రోజే నాకు చెప్పింది. ఆ తరవాత కూడా చెబుతూనే ఉంది. "నువ్వు కింద నిలబడి నోరు తెరుచుకుని చూస్తున్నావంటే నాకు చెయ్యి వణుకుతుందమ్మా. నా చెయ్యి వణికితే రాయి గీసుకుపోతుంది" అనేది. సరేలేవే అనేదాన్ని. అనడానికేముంది, నోరు ఎంతకైనా ఒప్పుకుంటుంది. మనసు ఒప్పుకోవద్దూ?

పాత రాతి విగ్రహాలకు పట్టిన మకిలి వదిలించడం దాని పని. ఊరి మధ్య పెద్ద కూడలిలో ఉన్న పెద్దాయన విగ్రహం చుట్టూ పరంజా కట్టి, ఆకుపచ్చ వల కప్పి, లోపల దాన్నీ ఇంకో నలుగురినీ ఎక్కించారు. పెద్దాయన అంటే మా ఊళ్ళో ఒక్కరే. మా తాతలకు తాతల కాలంలో, దేవుడికీ మనిషికీ మధ్య దళారులు ఎందుకని నిలదీసి ఊరినుంచి వెళ్ళగొట్టించుకున్న మనిషి. ఆయన పోయాక ఆ ఊరే సిగ్గుపడి, తెల్లటి చలువరాయితో విగ్రహం చేయించి నడిబొడ్డున నిలబెట్టింది. నా చదువు ఏడో తరగతితో ఆగిపోయినా ఆయన పాఠం గుర్తే. ఎవరైనా దండం పెట్టబోతే, "లే, లే! నా కాళ్ళకి దుమ్ము తప్ప ఏముంది?" అని భుజం పట్టుకుని లేపేవాడట.

ఆ విగ్రహం ఎత్తు చూసిన నాటినుంచీ నాకు కంటిమీద కునుకు లేదు. పరంజా కర్ర విరిగినట్టూ, బెల్టు ఊడినట్టూ, ఎవరో ఇంటికొచ్చి తలుపు దగ్గర తల వంచుకుని నిలబడినట్టూ ఊహించుకునేదాన్ని. సాయంత్రం గుమ్మంలో దాని చెప్పుల చప్పుడు వినపడేదాకా అంతే. మా ఆయన అయితే రోజూ ఇంటికి రాగానే, "ఏమోయ్, ఇవాళ మీ ఉడతని ఎన్నిసార్లు చంపి బతికించావ్?" అని అడిగేవారు. ఉడత అనేది ఆయన పెట్టిన పేరే. పాకే వయసులోనే అది బీరువా ఎక్కింది.

అది పైకి చెప్పకపోయినా, ఆ విగ్రహం దగ్గర దానికి ఒక ఆశ ఉంది. పెద్దాయన ముఖం. ఒళ్ళంతా ఎవరైనా చేయొచ్చుగానీ ముఖం మాత్రం ఒక్కరికే ఇస్తారు. వాళ్ళ పెద్ద మేడమ్ ముందు దీనికి కాళ్ళు ఇచ్చింది. "కాళ్ళు ఎలా తెస్తావో చూసి ముఖం సంగతి చెబుతా" అందట. ఇంక చూడండి, పొద్దస్తమానం ఆ కాళ్ళ గోలే. కాగితాన్ని నానబెట్టి గుజ్జు చేసి, మందునీళ్ళు కలిపి, రాతికి మెత్తుతారట. అది ఆరుతూ ఆరుతూ లోపలి మకిలిని పీల్చుకుంటుందట. అన్నం ముందు కూర్చుని కూడా ఆ గుజ్జు ఎలా ఒలవాలో చేత్తో చూపించేది. "అలా ఒలిచిన రాయికి దాహం ఎక్కువమ్మా. ఏది తగిలినా తాగేస్తుంది. తొడుగుల్లేకుండా మేమే ముట్టుకోం" అంది ఒకరోజు. నేను ఊఁ కొట్టాను. నా చెవి దాని మాటల మీద ఉందిగానీ బుర్ర పరంజా మీద ఉంది.

కాళ్ళు పూర్తయ్యాయి. మేడమ్ వచ్చి చూసి ముఖం ఎవరిదో చెప్పే రోజు వచ్చింది. ఆ రోజు పొద్దున అది ఒక్క ముద్దయినా తినకుండా, క్యారేజీ బల్ల మీదే వదిలేసి పరుగెత్తింది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. మళ్ళీ చేశాను, ఎత్తలేదు. ఫోన్ ఎత్తకపోతే నాకొచ్చే ఆలోచన పగవాళ్ళకు కూడా రాకూడదు. కడుపులో ఏమీ లేదు, కళ్ళు తిరుగుతాయి, అంత ఎత్తు. క్యారేజీ సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. ఆకలితో ఉన్న పిల్లకి అన్నం పెట్టడానికి వెళితే ఎవరు కాదంటారులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

బస్సు దిగి, రోడ్డు కింద నడవాలో మెట్లు దిగి ఎక్కేసరికి నా మోకాళ్ళు రెండూ మొర్రో అన్నాయి. కూడలిలో ఎండ. విగ్రహం చుట్టూ ఇనప కంచె. దానికో చిన్న గేటు, గేటు దగ్గర కుర్చీ, కుర్చీలో నెరిసిన మీసాలతో, మెడలో గుర్తింపు బిళ్ళతో ఒక కాపలాదారు.

"లోపలికి రాకూడదమ్మా. బొమ్మ చూడాలంటే వచ్చే నెల రండి, తళతళలాడుతూ ఉంటాడు" అన్నాడు.

"బొమ్మ కోసం కాదయ్యా. మా అమ్మాయి లోపల పనిచేస్తోంది. అన్నం మర్చిపోయి వచ్చింది. సన్నగా, చిన్నగా ఉంటుంది..."

ఆయన టక్కున లేచాడు. "చెప్పరేం మరి! ఆ కళ్ళు చూసే అనుకున్నా. అది నన్ను బాబాయి అంటుందండీ. ఆ లెక్కన మీరు నాకు వదినగారు. వదినగారిని ఎండలో నిలబెట్టానని తెలిస్తే మా అన్నయ్య నా మీసాలు పీకడూ?"

నాకు నవ్వొచ్చింది. పొద్దుట్నించీ అదే మొదటి నవ్వు. ఆయన గేటు తీసి, విగ్రహం మెట్ల మీద వల నీడ పడే చోట నన్ను కూర్చోబెట్టాడు. "రూలు ప్రకారం తప్పేననుకోండి. వాళ్ళు దిగే టైమయితే నేను చెబుతా, బయటి బెంచీ మీదికి వెళ్ళిపోదురుగాని. అయ్యో, మొహం అలా వాడిపోయిందేంటి వదినా? ఉండండి, మంచినీళ్ళు తెస్తా" అని రోడ్డు దాటి వెళ్ళాడు.

ఆయన అటు వెళ్ళగానే సంచిలోంచి నూనె సీసా తీశాను. వెల్లుల్లీ కర్పూరం వేసి మరిగించిన నల్లటి నూనె, నా మోకాళ్ళకి అదే దిక్కు. ఎవరూ చూడకుండా గబగబా రెండు మోకాళ్ళకీ పట్టించాను. చేతులు తుడుచుకుందామని రుమాలు వెతుకుతూ ఉంటే, పైనుంచి ఏదో ఠంగుమని ఇనప గొట్టాలకి తగులుతూ కిందికొచ్చి పడింది.

నా ప్రాణం పోయింది. వల ఎత్తి లోపలికి దూరాను. పడింది బ్రష్షు. తలెత్తి చూస్తే, అంత ఎత్తున, పరంజా అంచు మీద ఒంటికాలితో నిలబడి, ఒక చెయ్యి గొట్టాన్ని పట్టుకుని, మిగతా మనిషంతా గాల్లోకి వాలి పెద్దాయన భుజం వెనక ఏదో పూస్తోంది మా అమ్మాయి. అరవబోయాను. అరిస్తే ఉలిక్కిపడుతుంది. అరవకుండా ఉండలేను. నా రొమ్ముల ఎత్తున పెద్దాయన పాదాలున్నాయి. రెండు చేతులతో వాటిని గట్టిగా పట్టేసుకుని, కళ్ళు మూసుకుని, "తండ్రీ, నా పిల్లని పడనివ్వకు, నీకు పుణ్యముంటుంది" అన్నాను. రాయి చల్లగా ఉంది. మళ్ళీ కళ్ళు తెరిచేసరికి అది రెండు కాళ్ళ మీదా నిలబడి, ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతోంది.

అప్పుడు చూశాను. పాల మీగడలా ఉన్న ఆ పాదాల మీద నా రెండు అరచేతులూ వేళ్ళతో సహా గోధుమరంగులో దిగి ఉన్నాయి. రుమాలుతో తుడిచాను. పోలేదు సరికదా, అంచులు ఇంకా కాస్త పాకాయి. దాహం ఎక్కువ అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది.

బయటికొచ్చి మెట్టు మీద కూర్చున్నాను. కాపలా ఆయన గాజుగ్లాసులో నీళ్ళు తెచ్చాడు. తాగాను. ఆ మాట అప్పుడే ఆయన చెవిన వేసి ఉంటే ఏమయ్యేదో తెలీదు. వేయలేదు. "దిగుతున్నారు వదినా" అంటే లేచి కంచె బయటికెళ్ళి బెంచీ మీద కూర్చున్నాను, బుద్ధిమంతురాలిలా.

ముందు మా అమ్మాయే దిగింది. నన్ను చూసి ఆగిపోయింది. కంచె దాకా వచ్చి, పళ్ళ బిగువున, "అమ్మా! రావద్దన్నానా లేదా?" అంది.

"తినకుండా వచ్చావు కదే. ఫోన్ ఎత్తవు."

"పైన ఫోన్ ఎత్తితే కిందపడతానని నువ్వే అన్నావుగా!" అంటూనే కాస్త మెత్తబడింది. చేతులకి సుద్ద, జుట్టు మీద సుద్ద. "సరే వచ్చావుగా, ఉండు. ఇప్పుడే చూస్తుంది మేడమ్. ముఖం ఎవరిదో తేలిపోతుంది" అని నా వేలు ఒకసారి నొక్కి వెళ్ళింది.

ఆ వేలికి నూనె అంటుకునే ఉంది. దానికి తెలియలేదు.

పెద్ద మేడమ్ పొట్టిగా, తెల్ల జుట్టుతో, గొంతు ఎప్పుడూ పెంచని మనిషి. వెనక మిగతా పనివాళ్ళు. వాళ్ళలో పొడుగమ్మాయి అని మా అమ్మాయి చెప్పే పిల్ల కూడా ఉంది, ముఖం అడిగిన రెండో మనిషి. మేడమ్ వల తీయమంది. తీశారు. అందరి కళ్ళూ పాదాల మీద పడ్డాయి.

"ఎవరో పెద్దాయన్ని గట్టిగానే బతిమాలుకున్నారు" అంది పొడుగమ్మాయి.

ఎవరో కిసుక్కుమన్నారు. మేడమ్ నవ్వలేదు. వంగి, ఒక మరక మీద వేలు ఆనించకుండా గాల్లోనే దాని అంచు వెంట తిప్పింది. "ఇప్పుడే అయింది. ఇంకా పాకుతోంది" అని కాపలా ఆయన వైపు తిరిగింది. "లోపలికి ఎవరొచ్చారు?"

"ఎవరూ రాలేదు మేడమ్" అన్నాడాయన. ఆ మాట అనేటప్పుడు ఒక్క క్షణం నావైపు చూశాడు. ఆ చూపులో నా మీద అనుమానం లేదు. నన్ను లోపల కూర్చోబెట్టినందుకు ఆయనే జంకుతున్నాడు.

"మీరు ఇక్కడే ఉన్నారా?"

"ఇక్కడే ఉన్నాను."

మేడమ్ కంచె ఇవతల ఉన్న నన్ను చూసింది. "మా అమ్మ మేడమ్" అంది మా అమ్మాయి.

"మీరు వచ్చి కాసేపయిందాండీ? ఈయన ఇక్కడే ఉన్నారా?"

అప్పుడు నా బుర్రలో ఏం తిరిగిందో దాచకుండా చెబుతాను. నావే అని చెబితే, తల్లిని లోపలికి రానిచ్చారని మా అమ్మాయి మీదికి వస్తుంది. ముఖం పోతుంది. ఉద్యోగం కూడా పోవచ్చు. పిల్ల కుమిలిపోతుంది, అన్నం మానేస్తుంది, ఏదో ఒకటి చేసుకుంటుంది. ఒక్క గుక్కలో అంత దూరం వెళ్ళిపోయాను. వెళ్ళి, నోరు తెరిచి, "మధ్యలో కాసేపు లేడమ్మా. రోడ్డు దాటి అటు ఎక్కడికో వెళ్ళాడు" అన్నాను.

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. అదే నన్ను ఎక్కువ బాధపెడుతోంది.

ఆయన నన్ను చూశాడు.

"ఎక్కడికెళ్ళారు?" అంది మేడమ్.

"మంచినీళ్ళకి."

"ఎవరికి?"

"నాకే మేడమ్. దాహమేసింది."

ఖాళీ గ్లాసు ఇంకా నా పక్కన బెంచీ మీదే ఉంది. నేను దాని మీదికి సంచి జరిపాను.

"ఇంతమంది ఎండలో చేసిన పని" అంది మేడమ్ నెమ్మదిగా. "ఆ బిళ్ళ ఇచ్చేయండి. రేపట్నించి ఇంకొకరిని పంపమని చెబుతాను."

ఆయన మెడలోని బిళ్ళ తీయబోయాడు. తాడు చెవికి తట్టుకుంది. నేను నేల చూస్తున్నాను. ఒక్క మాట చాలు, లేచి చెబితే అయిపోతుంది. కాళ్ళు లేవలేదు. మోకాళ్ళ నొప్పి వల్ల కాదు.

ఈలోగా మా అమ్మాయి పెద్దాయన పాదాల మీదికి వంగింది. మరక దగ్గర ముక్కు పెట్టింది. అలాగే ఉండిపోయింది. మా ఇంట్లో తలగడలకు కూడా ఆ నూనె వాసనే. తన వేలు కూడా ఒకసారి వాసన చూసుకుంది. ఆ తరవాత తిన్నగా నా దగ్గరికొచ్చింది.

"మోకాళ్ళకి నూనె రాసుకున్నావా అమ్మా?"

"పొద్దున రాసుకున్నానే."

"చేతులు చూపించు."

నేను గుప్పిళ్ళు బిగించి ఒళ్ళో పెట్టుకున్నాను. దాని చిన్నప్పుడు మట్టి తిని వచ్చి నా ముందు అలాగే నిలబడేది.

"నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అంది గొంతు తగ్గించి.

"ఏం చెప్పాలే? ఊరుకో. ముందు నీ సంగతి తేలనీ. ఆయనకేం, ఇంకో చోట కాపలా దొరుకుతుంది" అన్నాను, అంతకంటే తగ్గించి.

అది నావైపు చూసింది. కోపంగా చూసి ఉంటే బాగుండేది. బస్సులో పక్కన కూర్చున్న కొత్త మనిషిని చూసినట్టు చూసింది. వెనక్కి తిరిగి, అందరికీ వినపడేలా, "మేడమ్, బాబాయి బిళ్ళ తీసుకోవద్దు. అవి మా అమ్మ చేతులు. ఆయన నీళ్ళు తెచ్చింది కూడా మా అమ్మకే" అంది.

కాపలా ఆయన, "పోనీలేమ్మా చిన్నీ..." అన్నాడు.

"పోనిచ్చేది కాదు బాబాయ్" అంది అది.

మేడమ్ నన్ను అడగలేదు. నా సంచి వైపు, దాని కిందనుంచి కనపడుతున్న గ్లాసు అడుగు వైపు చూసింది. అంతే. "నూనె కాబట్టి లాగొచ్చు. గుజ్జు మళ్ళీ మొదటినుంచీ మెత్తాలి. టైం పడుతుంది" అంది మా అమ్మాయితో. తలెత్తి పైన ముఖం వైపు చూసి, "కాళ్ళు నువ్వు చూసుకో. ముఖం ఆగదు, ఈ వారమే మొదలుపెట్టాలి. ఆ అమ్మాయి చేస్తుంది" అంది, పొడుగమ్మాయిని చూపిస్తూ.

"అలాగే మేడమ్" అంది మా అమ్మాయి.

అప్పుడు లేచాయి నా కాళ్ళు. గేటు తోసుకుని వెళ్ళి, ఏడుస్తూ, "అమ్మా, తప్పు నాది, పిల్లకేం తెలీదు, దాని నోటి దగ్గరిది లాక్కోకండి" అని మేడమ్ కాళ్ళ మీద పడబోయాను. ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది.

"అమ్మా!" అంది మా అమ్మాయి నా భుజం పట్టుకుని లేపుతూ. "ఇవాళ్టికి పట్టుకున్న కాళ్ళు చాలు."

ఈసారి అందరూ నవ్వారు. పొడుగమ్మాయి మాత్రం నవ్వలేదు. తనకి దక్కిందనే సంతోషం కూడా ఆ పిల్ల మొహంలో లేదు. క్యారేజీ అందుకుని, "రండి ఆంటీ, ఇలా నీడకి రండి" అంది. ఆ మర్యాదకి నాకు ఎక్కడికైనా పారిపోవాలనిపించింది.

వాళ్ళు అన్నాలకు కూర్చున్నాక గ్లాసు తీసుకుని గేటు దగ్గరికి వెళ్ళాను. ఆయన బిళ్ళ మళ్ళీ మెడలో వేసుకుని, కుర్చీలో వీధి వైపు తిరిగి కూర్చున్నాడు.

"తమ్ముడూ, బుద్ధి గడ్డితిని అన్నాను. పిల్ల కోసం..."

"తెలుసండీ. నేనూ పిల్ల కోసమే నాకు దాహమన్నాను." గ్లాసు అందుకుని పైకెత్తి చూశాడు. "ఇది నేను టీ తాగే గ్లాసు. మీకని సబ్బుపెట్టి కడిగి తెచ్చాను. మీరు ఇందులో తాగి, ఇదే నోటితో అన్నారు చూడండీ, అదొక్కటి నాకు మింగుడు పడటంలేదు."

గేటు పట్టుకుని నిలబడ్డాను.

"ఇక్కడ నిలబడకూడదు మేడమ్. అవతల బెంచీ ఉంది" అన్నాడు. కసిరినట్టు అనలేదు. దారినపోయే ఎవరికైనా చెప్పినట్టే చెప్పాడు. ఇందాక నోరారా వదినా అని పిలిచిన మనిషి.

బెంచీ మీదే సాయంత్రం దాకా కూర్చున్నాను. వెళ్ళిపోవడానికి మొహం చెల్లలేదు, ఉండటానికీ చెల్లలేదు. వలలోంచి మా అమ్మాయి వీపు కనపడుతూనే ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని, పెద్దాయన పాదాలకి తెల్ల గుజ్జు మెత్తుతోంది. ముందు అరచేయి, ఆ తరవాత ఒక్కో వేలు. నా చేతుల్ని నా కూతురు పూడ్చిపెడుతున్నట్టుంది. పైన, ముఖం దగ్గర, పొడుగమ్మాయి దీపం సర్దుకుంటోంది. మా అమ్మాయి ఒక్కసారి కూడా తలెత్తి చూడలేదు.

బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. నా మీద అరుస్తుందని కాచుకున్నాను. అరవలేదు. సగం దారిలో, కిటికీలోంచి చూస్తూనే, "ఆయన ఎడమకన్ను కింద చిన్న గాటు ఉందమ్మా. చెక్కినవాళ్ళ ఉలి జారిందని అందరూ అంటారు. నాకు మాత్రం అది కావాలని పెట్టిందే అనిపిస్తుంది, ఊరివాళ్ళు వెళ్ళగొట్టినప్పుడు రాయి తగిలిన గుర్తు. దగ్గర్నుంచి చూస్తే తెలిసేది" అంది.

"ఆ పిల్లని అడగవే, చూసి చెబుతుంది" అన్నాను. అని నాలిక్కరుచుకున్నాను.

"చెబుతుందిలే" అంది.

ఇంటికొచ్చేసరికి మా ఆయన బల్ల దగ్గర పేపరు చూస్తున్నారు. ఇద్దరం కలిసి రావడం చూసి ఆశ్చర్యపోయారు. "ఓహో! తల్లీకూతుళ్ళు జంటగా! ఏమోయ్, వెళ్ళొద్దన్నా వెళ్ళావన్నమాట. ఎలా ఉన్నాడు మీ పెద్దాయన? ఉడతా, ముఖం సంగతేమయింది?"

మా అమ్మాయి వంటింట్లో కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటోంది. సుద్ద అంత తేలిగ్గా పోదు. "వేరే అమ్మాయికిచ్చారు నాన్నా" అంది అక్కణ్ణించే. గొంతు మామూలుగానే పెట్టింది.

"అదేంటి? నీ కాళ్ళు బాగా వచ్చాయన్నావుగా?"

"బాగానే వచ్చాయి నాన్నా. ఏదో... వాళ్ళ లెక్కలు వాళ్ళకుంటాయి."

ఆయన చప్పరించారు. "వాళ్ళ మొహం! ఆ మేడమ్‌కి కళ్ళున్నాయా అసలు?" అని పేపరు మడిచారు. దాని మాట నమ్మేశారు. అక్కడితో వదిలేస్తే ఈ ఇంట్లో ఆ సంగతి ఇంకెప్పుడూ రాదు. అది తనంతట తాను ఎన్నటికీ ఎత్తదు. నాకు తెలుసు.

"మేడమ్‌ని ఏమనకండి" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. మళ్ళీ అన్నాను. "ఆవిడ తప్పులేదు. నేను చెబుతాను, కూర్చోండి."

"కూర్చునే ఉన్నానుగా. ఏమైంది? ఎవరైనా పడ్డారా?" ఆయన మొహంలో అచ్చం నా కంగారే కనపడింది.

"ఎవరూ పడలేదు" అన్నాను. "అక్కడ గేటు దగ్గర ఒకాయన ఉన్నాడు. నన్ను వదినా అని పిలిచాడు..."

వంటింట్లో నీళ్ళ చప్పుడు ఆగింది. అది కుళాయి కట్టేసి, అక్కడే నిలబడి వింటోంది. నేను మిగతాది చెప్పడం మొదలుపెట్టాను.